డాబా మీద డాంబరు మరక

బల్కంపేటలో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, చపాతీ అంత నల్లటి మరక ఒకటి ఉండేది. దానికి సగం కారణం నేను, మిగతా సగం ఆస్ట్రేలియా. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని స్థానంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. మొన్న ఎండలో అటు నడుస్తుంటే కొత్తగా వేసిన రోడ్డుకి చెప్పు అతుక్కుంది. వంగి చెప్పు పీక్కుంటుంటే మాస్టారు గుర్తొచ్చారు. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

2001 సంగతి. మాది కోదాడ దగ్గర పల్లెటూరు. డిగ్రీ అవగానే అందరిలాగే జావా నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చి పడ్డాను. నేను వచ్చే సమయానికి అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్నాయి, వెళ్లినవాళ్లే పెట్టెలు సర్దుకుని వెనక్కి వస్తున్నారు, అయినా మైత్రీవనం దగ్గర కరపత్రాలు పంచేవాళ్లు మాత్రం ఒక్కరూ తగ్గలేదు. క్లాసు పొద్దున రెండు గంటలు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఖాళీ. జేబు అంతకంటే ఖాళీ. ఉన్న ఒకే ఒక్క విలాసం నెట్ సెంటర్.

గంటకు 25 రూపాయలు, అరగంటకు 15. ప్లైవుడ్ చెక్కలతో అడ్డంగా కట్టిన గూళ్లు, ఒక్కో గూట్లో ఒక సిస్టమ్, కాలు జాపితే పక్కవాడి కాలికి తగిలేంత చోటు. లోపలికి వెళ్లగానే కౌంటర్ దగ్గర కుర్రాడు చిన్న చీటీ మీద టైమ్ రాసిచ్చేవాడు. ఆ టైమ్ ఎప్పుడూ నా వాచీ కంటే రెండు నిమిషాలు ముందుండేది, దాని గురించి మేం చాలాసార్లు గొడవపడ్డాం, ఒక్కసారీ నేను గెలవలేదు. కరెంటు పోతే యూపీఎస్‌లన్నీ ఒకేసారి కుయ్యోమనేవి, అందరూ హడావిడిగా మెయిల్ సేవ్ చేసుకునేవాళ్లు. ముందు నేను కూడా మెయిలే చూసుకునేవాణ్ణి. ఉద్యోగాల సంగతి ఏమీ ఉండేది కాదు. 'దీన్ని పదిమందికి పంపకపోతే నీకు కీడు జరుగుతుంది' లాంటివి రెండు మూడు ఉండేవి. అయిదు నిమిషాల్లో ఆ పని అయిపోయేది. చేతిలో ఇంకా 55 నిమిషాలు. డబ్బు కట్టేశాం కదా, లేచి ఎలా వెళ్తాం?

అలా మొదలైంది నా తిరుగుడు. యాహూ డైరెక్టరీలో మెట్లు దిగినట్టు ఒక్కో శీర్షికా దిగుతూ పోతే అట్టడుగున ఎక్కడో ఎవరికీ అక్కర్లేని పేజీలు తగిలేవి. తన పిల్లి తుమ్మిన తేదీలన్నీ రాసుకున్నాయన, ప్రపంచంలోని అరటిపండ్ల స్టిక్కర్లన్నీ పోగేసుకున్నాయన. ఒక్కో పేజీ పైనుంచి కిందికి గీత గీతగా దిగేది, బొమ్మ పూర్తయ్యేలోపు బయటికెళ్లి ఛాయ్ తాగి రావచ్చు. ప్రింట్ తీసుకుంటే పేజీకి 5 రూపాయలు, అందుకని జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పెన్నుతో రాసుకునేవాణ్ణి. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి. శనివారానికి నాలుగైదు పోగయ్యేవి. రూమ్మేట్‌కి చెప్తే "దీనివల్ల ఉద్యోగం వస్తదా?" అనేవాడు. వాడి ప్రశ్నా న్యాయమైనదే.

ఆదివారం పొద్దున అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్లినప్పుడు దొరికారు, నా సరుకు కొనే మనిషి.

మా ఇంటి ఓనరు గవర్నమెంటు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి కిందటేడే రిటైరయ్యారు. మొత్తం వీధికి ఆయన మాస్టారే. వాళ్లావిడని నేను మొదట్లో ఆంటీ అన్నాను. మాస్టారు పేపర్లోంచి తల ఎత్తి, "ఆంటీ ఏంటోయ్, తెలుగులో వావివరసలు అయిపోయాయా?" అన్నారు. అప్పట్నుంచీ పిన్నిగారే. ఆ రోజు మాస్టారు డబ్బు లెక్కపెట్టుకుంటూ "రోజంతా ఆ నెట్ సెంటర్లో ఏం చేస్తుంటావు?" అని అడిగారు. అడిగిన తీరు చూస్తే వేరే అనుమానమేదో ఉన్నట్టే ఉంది. కంగారులో నోట్‌బుక్ తీసి కాఫీ కూజా కథ చెప్పేశాను.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో ట్రోజన్ రూమ్ అని ఒకటి ఉండేది. దాని బయట కాఫీ మెషీన్. పై అంతస్తుల నుంచి మెట్లు దిగి వచ్చేసరికి కూజా ఖాళీ, ఇదీ అక్కడివాళ్ల బాధ. అందుకని 1991లో దానికెదురుగా ఒక కెమెరా పెట్టి, ఎవరి సీట్లో వాళ్లు కూర్చునే కాఫీ ఉందో లేదో చూసుకునేలా చేశారు. 1993లో ఆ బొమ్మని వెబ్‌లో పెట్టారు. ఇక అక్కణ్నుంచి, వాళ్ల కాఫీ చుక్క కూడా తాగే అవకాశం లేని లక్షల మంది ప్రపంచం నలుమూలల నుంచి ఆ కూజా నిండిందా లేదా అని చూడ్డం మొదలుపెట్టారు. అగ్గిపెట్టంత, నలుపు తెలుపు బొమ్మ. నేనూ చూశాను. అప్పుడు ఖాళీగా ఉంది.

మాస్టారు నవ్వలేదు. "ఇందులో వింతేముందోయ్," అన్నారు. "మన సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు జనం కూర్చోరూ? లోపల్నుంచి గడ్డపాయన వచ్చి గంట కొట్టి పోతాడని ముందే తెలుసు. ఎన్ని కొడతాడో కూడా తెలుసు. అయినా మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ నిలబడ్డానికి చోటుండదు." కాసేపాగి, "కానీ నాలుగు మెట్లు దిగే బద్ధకానికి ఇంత పని చేశారు చూడు, అదీ సైన్సంటే," అన్నారు. లోపల్నుంచి పిన్నిగారు స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ కాఫీ వచ్చిందంటే మళ్లీ ఆదివారం రావచ్చన్నమాట. నాకు అలాగే అర్థమైంది మరి.

అదే ఏడాది ఆగస్టు 22న ఆ కెమెరా ఆపేశారు. కూజాని వేలం వేస్తే జర్మనీ పత్రికవాళ్లు 3,350 పౌండ్లకు కొన్నారు. ఆ కబురు మోసుకెళ్లిన ఆదివారం మాస్టారు పెన్ను తీసి పేపరు అంచున రూపాయల్లో లెక్కగట్టి, "మీ పిన్ని కాఫీ ఫిల్టరు మనం అమ్మకూడదు, దాచిపెట్టాలి," అన్నారు.

తర్వాత నెలల తరబడి ఇదే వరస. "ఏమోయ్, ఈ వారం సరుకేంటి?" అనడమే ఆలస్యం. నిజం చెప్పాలంటే వారమంతా ఆయన మొహమే మనసులో పెట్టుకుని వెతికేవాణ్ణి. ఇది మాస్టారికి ఆనుతుందా, దీనికి పెదవి విరుస్తారా అని. కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అనే ఊళ్లో ఫైర్ స్టేషన్లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఒకటుంది, దానిక్కూడా కెమెరా పెట్టారు. అది చెప్పినప్పుడు పిన్నిగారు, "మనింట్లో బల్బులు ఆర్నెల్లు ఉండవు, వాళ్లది ఏ కంపెనీ?" అని నన్ను నిలదీశారు. మాస్టారు ఫిలమెంటు గురించి అరగంట పాఠం చెప్పారు. ఆ బల్బుని ఎప్పుడోగానీ ఆర్పరు, పైగా అది గుడ్డిదీపంలా వెలుగుతుంది, వేడి తక్కువ. మనవి రోజుకి పదిసార్లు కరెంటు పోయి వస్తే చల్లారి, వేడెక్కి, చల్లారి, ఆ సాగుడుకే తెగుతాయి. ఆయన ఇది వివరిస్తుండగానే కరెంటు పోయింది. నేను కల్పించి రాయట్లేదు, ఆ రోజుల్లో ఏ అరగంట పాఠం చెప్పినా కరెంటు పోయేది.

ఒక్కసారి మాత్రం పరువు పోయింది. అమెరికా వాయవ్యంలో అడవుల్లో చెట్ల మీద తిరిగే ఆక్టోపస్ ఉందని, అంతరించిపోతోందని, దాన్ని కాపాడుకోవాలని ఒక సైట్ కనిపించింది. ఫొటోలు, శాస్త్రీయ నామం, అన్నీ ఉన్నాయి. రెండు పేజీలు రాసుకుని గర్వంగా వెళ్లాను. మాస్టారు అంతా విని, "మొప్పలతో ఊపిరి పీల్చేది చెట్టెక్కితే ఎలా బతుకుతుందిరా?" అన్నారు. ఎప్పుడూ ఓయ్ అనే మనిషి రా అన్నారు. మర్నాడు నెట్ సెంటర్‌కి పోయి మరో 25 రూపాయలు తగలేసి చూస్తే, అది 1998లో ఎవరో సరదాకి పెట్టిన సైట్. అప్పట్నుంచి నోట్‌బుక్‌లో ప్రతిదాని పక్కనా ఎవరు చెప్పారు, ఎక్కడ చూశాను, ఏ తేదీన అని రాసుకోవడం అలవాటైంది. ఆ అలవాటు తర్వాత ఉద్యోగంలో కూడా పనికొచ్చింది, అది వేరే కథ.

ఇక డాంబరు దగ్గరికి వస్తా.

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ అనే ఊళ్లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ. అక్కడ ఫిజిక్స్ ప్రొఫెసరు థామస్ పార్నెల్, గట్టిగా కనిపించేదంతా గట్టిది కాదని పిల్లలకు చూపిద్దామని 1927లో ఒక గాజు గరాటులో వేడిచేసిన కీలు పోశాడు. మనం డాంబరు అంటామే, దాని చుట్టమే. చల్లగా ఉంటే సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. అది సర్దుకోవడానికి మూడేళ్లు వదిలేసి 1930లో గరాటు మూతి కోశాడు. మొదటి చుక్క పడ్డానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2000 నాటికి మొత్తం పడినవి 8 చుక్కలు. లెక్కగడితే ఆ కీలు నీళ్లకంటే దాదాపు 23,000 కోట్ల రెట్లు చిక్కన అని తేలిందట. ఇదంతా ఒకెత్తు. అసలు సంగతేంటంటే, అన్నేళ్లలో ఒక్క చుక్క పడుతుండగా కూడా ఎవరూ చూడలేదు. పార్నెల్ పోయాక 1961 నుంచి దాన్ని కనిపెట్టుకుని ఉన్న ప్రొఫెసర్ జాన్ మెయిన్‌స్టోన్ 1988లో దాని దగ్గరే కాపలా కాసి, ఏదన్నా తాగొద్దామని అలా వెళ్లి అయిదు నిమిషాల్లో వచ్చేలోపు చుక్క పడిపోయింది. ఈసారి అలా కాకూడదని 2000లో కెమెరా పెట్టారు. సరిగ్గా అప్పుడు కెమెరా పనిచేయలేదు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆయన కుర్చీలోంచి లేవడం నేను ఆదివారాల్లో చూడలేదు. వసారాలో అటూ ఇటూ తిరిగి, "మధ్యలో ఏసీ ఏమన్నా పెట్టారా అక్కడ?" అని అడిగారు. నోట్‌బుక్ చూస్తే ఉంది, ఏడో చుక్క తర్వాత ఆ భవనానికి ఏసీ పెట్టారు, అందుకే ఎనిమిదోది పడ్డానికి పన్నెండేళ్లు దాటింది. "అయితే తొమ్మిదోది 2013కి ముందు పడదు," అన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టి, "నాకు 70 దాటతాయి. ఎక్కడున్నా నువ్వే చెప్పాలి," అన్నారు. అలాగే మాస్టారూ అన్నాను. 22 ఏళ్లవాడికి 2013 అంటే ఎంత దూరమో, మాట ఇవ్వడం అంత తేలిక.

అక్కడితో ఆగితే బాగుండేది. మే నెలలో మా వీధికి రోడ్డు వేశారు, మూలమీద డాంబరు పీపా ఒకటి వదిలేసి వెళ్లారు. మాస్టారు నన్ను చూశారు, నేను మాస్టారిని చూశాను. పిన్నిగారు గుళ్లో ఉన్న సమయం చూసి వంటింట్లోంచి కిరోసిన్ పోసుకునే రేకు గరాటు పట్టుకొచ్చాం. డాంబరు కరిగించి పోసి, మూతికి మైనంతో బిరడా పెట్టి, డాబా మీద ట్యాంకు నీడలో రెండు ఇటుకల మధ్య నిలబెట్టాం. మూడేళ్లు సర్దుకోవాలి కదా, ఓపికపడదాం అని మాస్టారు సుద్దముక్కతో గోడ మీద తేదీ కూడా వేశారు. మూడో రోజు మధ్యాహ్నం చూసుకుంటే బిరడా లేదు, డాంబరూ లేదు, కింద నల్లటి చపాతీ ఉంది. బ్రిస్బేన్‌లో ఏసీ గదిలో ఉన్నది, బల్కంపేట మే నెల డాబా మీద ఎలా నిలుస్తుంది? పైగా మాది రోడ్డు డాంబరు, వాళ్ల కీలంత చిక్కనిదీ కాదు. ఈ రెండు సంగతులూ మాస్టారికి ముందే తెలిసి ఉండాలి. ఆయనకి తెలుసు కూడా అనిపిస్తుంది నాకు, అయినా ఆ మూడు రోజులూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ పైకొచ్చి గరాటు చూసి వెళ్లేవారు.

పిన్నిగారి కోపం గురించి రాయను. ఆ గరాటు ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట.

2003లో ఉద్యోగం వచ్చింది, రూమ్ మాదాపూర్ వైపు మార్చాను. ఆదివారాలు మొదట నెలకి రెండయ్యాయి, తర్వాత ఒకటి, తర్వాత పండగలకి. ఆఫీసులో నెట్ ఊరికే వచ్చేది, గంటల లెక్క లేదు, చీటీ లేదు. విచిత్రంగా అప్పట్నుంచే నా నోట్‌బుక్‌లో రాతలు తగ్గిపోయాయి. వెతకనవసరం లేకుండానే వచ్చి మీదపడే వాటిని ఏం రాసుకుంటాం? అయినా 2006లో ఒకటి మాత్రం ప్రత్యేకంగా పిన్నిగారి కోసం పట్టుకెళ్లాను. కెనడాలో ఒకాయన ఎర్ర పేపర్ క్లిప్ ఒకటి పెట్టి దానికి బదులు ఏమిస్తారని అడిగాడు. చేప ఆకారం పెన్ను ఇచ్చారు. దానికి బదులు తలుపు పిడి. అలా ఏడాదిలో 14 సార్లు మార్చుకుంటూ పోయి చివరికి ఒక ఇల్లు సంపాదించాడు.

పిన్నిగారు కొంచెం కూడా చలించలేదు. "మన వీధిలోకి స్టీలు సామాన్లవాడు రాడూ? మూడు పాత చీరలిస్తే గిన్నె ఇస్తాడు. నాలుగో చీరకి మూత. ఇల్లు ఇస్తాడేమో అడిగి చూస్తాను," అన్నారు. తర్వాత కొంచెం ఆలోచించి, "వాడికి ఇల్లిచ్చినవాడికి ఏమొచ్చిందిట?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఇల్లిచ్చింది ఒక చిన్న ఊరు, ప్రతిఫలం ఒక సినిమాలో వేషం. "అదేం బేరం," అని లోపలికి వెళ్లిపోయారు.

ఇంకో విషయం చెప్పాలి, మాస్టారికి నెట్‌లో అన్నిటికంటే నచ్చింది ఏ వింతా కాదు. మొదటి రోజుల్లో ఒకసారి ఆయన్ని నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. తెల్లజుట్టు మనిషి లోపలికి రాగానే నాలుగు గూళ్లలో నలుగురు కుర్రాళ్లు గబగబా ఏవేవో మూసేశారు. బల్బు చూపించాను. చూసి, "తెలుగు లేదా ఇందులో?" అన్నారు. ఉంది గానీ, ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంటు దించుకోవాలి, లేకపోతే పిచ్చి అక్షరాలు. మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్లు. ఆయన మొహం చిన్నబోయింది. తర్వాత 2007లో నా లాప్‌టాప్‌లో తెలుగు వికీపీడియా తెరిచి ఆయన ముందు పెట్టాను, డబ్బాలు డబ్బాలుగా కాకుండా అచ్చమైన తెలుగు. 'కాంతి' అని వెతికి చదివారు. చాలాసేపు చదివారు. చివర్లో ఒక అక్షరదోషం చూపించి "దీన్నెవరికి చెప్పాలి?" అన్నారు. ఎవరికీ చెప్పక్కర్లేదు, మీరే దిద్దొచ్చు అన్నాను. ఆయన నమ్మలేదు. దిద్ది చూపించాను. మళ్లీ మళ్లీ ఆ పేజీ తెరిపించి తన దిద్దుబాటు అక్కడే ఉందో లేదో చూసుకున్నారు, అచ్చం కాఫీ కూజా చూసుకున్నట్టే.

2013 జులైలో పేపర్లో వార్త వచ్చింది. డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీలో ఇలాంటిదే మరో గరాటు ఉందని, దాని చుక్క పడుతుండగా కెమెరాకి చిక్కిందని. వెంటనే ఫోన్ చేశాను. అప్పటికి వాళ్లు బల్కంపేట ఇల్లు బిల్డరుకిచ్చి కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మాస్టారు విని, "మనది అది కాదుగా," అన్నారు. మనది! ఆ తర్వాతి నెలలోనే మెయిన్‌స్టోన్ పోయాడని చదివాను. 78 ఏళ్లు. 50 ఏళ్లకు పైగా ఆ గరాటుని చూసుకున్నాడు, ఒక్క చుక్కా కళ్లతో చూడలేదు. ఇది మాత్రం ఫోన్ చేసి చెప్పబుద్ధి కాలేదు. కలిసినప్పుడు చెబుదాంలే అనుకున్నాను, కలవలేదు.

2014 ఏప్రిల్. ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే కనిపించింది. తొమ్మిదో చుక్క. లేచి మెట్ల దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాను.

"మాస్టారూ, పడింది."

"ఏం పడింది?" అని ఒక్క క్షణం ఆగి, "ఎవరు చెప్పారు?" అన్నారు.

యూనివర్సిటీవాళ్లే చెప్పారన్నాను. తేదీ చెప్పాను. 2013కి ముందు పడదని మీరు 2001లోనే అన్నారని గుర్తుచేశాను. సంతోషించారు, గొంతులో తెలిసింది. ఆ తర్వాత నేను భయపడిన ప్రశ్నే వేశారు. "ఆ ప్రొఫెసరు చూశాడా?"

లేదు మాస్టారూ, కిందటి ఆగస్టులో పోయారు అన్నాను. ఫోన్‌లో కాసేపు ఏమీ వినిపించలేదు, వాళ్లింట్లో టీవీ సీరియల్ తప్ప. తర్వాత మామూలు గొంతుతో, క్లాసులో అడిగినట్టు, "ఎలా పడింది, వివరంగా చెప్పు," అన్నారు.

చెప్పాను. చుక్క కిందికి సాగి గిన్నెలో ఉన్న పాత ఎనిమిదో చుక్కని తాకింది, కానీ తెగలేదు. కొద్ది రోజుల తర్వాత గిన్నె మారుద్దామని పైనున్న గాజు మూత ఎత్తుతుంటే అడుగు చెక్క కదిలింది, ఆ కుదుపుకి తెగింది.

"అయితే పడలేదోయ్," అన్నారు మాస్టారు. "పడగొట్టారు. అలా రాసుకో."

వెనకనుంచి పిన్నిగారి గొంతు వినిపించింది. "ఎవరూ, వాడేనా? ఆ డాంబరు గోలేనా? నా గరాటు సంగతేంటో అడగండి."